తొమ్మిది రూపాయల వడ్డీ

ఆగస్టు 5, సోమవారం

ఇవాళ్టి నుంచి నేను డిగ్రీ విద్యార్థిని. బి.కాం. ఫైనాన్స్, టెక్కలి. మా ఊళ్లో ఈ కోర్సులో చేరినవాళ్లు ఇంతవరకు లేరు. మగపిల్లలైతే పాలిటెక్నిక్, కాకపోతే మూలపేట పోర్టు పని. ఆడపిల్లలైతే నర్సింగు. నేను మాత్రం ఫైనాన్స్! నాన్న పొద్దున్నే పెద్దమనుషులందరికీ జీడిపప్పు పంచి మరీ చెప్పాడు. చిన్నాన్న పలాస రోడ్డు జంక్షన్లో ఫ్లెక్సీ కట్టించాడు. "ఉద్దానం ముద్దుబిడ్డ ఝాన్సీలక్ష్మికి శుభాకాంక్షలు" అట. అందులో చిన్నాన్న ఫొటో పెద్దది, ఆయన పార్టీవాళ్ల ఫొటోలు ఇంకా పెద్దవి, నాది రేషన్ కార్డు సైజు. అయినా మధ్యలో ఉన్నది నేనే.

కాలేజీలో మొదటిరోజంతా సీనియర్ల సలహాలే. థర్డ్ ఇయర్ ఉదయశంకర్ అట, ఈ ఉక్కపోతలో కోటేసుకుని వచ్చాడు. రోజూ ఇంగ్లీషు పేపరు చదవాలట. ఎక్సెల్ నేర్చుకోవాలట. షేర్ల యాప్ ఇప్పుడే వేసుకోవాలట. నెట్‌వర్క్ పెంచుకోవాలట. మా ఊళ్లో నెట్‌వర్క్ కావాలంటే మేడెక్కాలి నాయనా!

నాకు ఎవరి సలహాలూ అక్కర్లేదు. మా నాన్న రమణమూర్తి పంచాయితీ చెప్తే రెండు మండలాలవాళ్లు వింటారు. అప్పుల తగాదా వస్తే కాగితం ముట్టుకోకుండా వడ్డీ లెక్క తేలుస్తాడు. నూటికి నెలకి రూపాయిన్నరా, రెండా, ఎన్ని నెలలు, అంతే. ఏడో తరగతి నుంచీ ఆ లెక్క నాన్నకంటే ముందు నేనే చెప్పేదాన్ని. నాకా సలహాలు!

ఆగస్టు 6

ప్రమోదిని మేడం మొదటి క్లాసు.

"మీకు తొమ్మిది పర్సెంట్ వడ్డీకి అప్పిస్తానంటే తీసుకుంటారా? ఎవరు చెప్తారు?" అని అడిగారు. ఎవరూ లేవలేదు. నేను లేచాను.

"ప్రాణం పోయినా తీసుకోను మేడం! మా ఊళ్లో మూడు దాటితేనే పంచాయితీ పెడతారు. తొమ్మిదంటే ఇల్లు గుల్లే."

 ముందు బెంచీలోంచి గీతిక అనే శ్రీకాకుళం అమ్మాయి, "నెలకి అనుకుంటోంది" అంది. ఇక నవ్వులే నవ్వులు. మేడం చెయ్యెత్తి ఆపారు. ఆపేటప్పుడు ఆవిడ పెదవి కూడా కదిలింది, నేను చూశాను.

బేంకు వడ్డీ ఏడాదికని నాకు తెలీదా? ఇంటర్లో కామర్సు నాకే ఫస్టు. పుస్తకంలో తొమ్మిది వేరు, ఇంట్లో తొమ్మిది వేరు. లేచి నిలబడేసరికి ఇంట్లోది నోట్లోంచి వచ్చేసింది. దానికి అంత నవ్వా?

ఆగస్టు 7

కాలేజీకి వెళ్లాను. బాగానే ఉంది.

ఆగస్టు 9

బాగానే ఉంది. నన్ను 'తొమ్మిది రూపాయలు' అంటున్నారు. బోర్డు మీద కూడా రాశారు. నాకేం పట్టలేదు. అస్సలు పట్టలేదు.

ఆగస్టు 19, సోమవారం

కొంచెం తలనొప్పి. టెక్కలి బస్సు ఎక్కకుండా పలాసలోనే ఉండిపోయాను. స్టేషన్లో బెంచీ మీద కూర్చుని పుస్తకం చదివాను. క్లాసులో కంటే ఎక్కువే చదివాను. రేపు వెళ్తాను.

ఆగస్టు 20

రేపు వెళ్తాను.

ఆగస్టు 29

నాన్న అన్నం తింటూ, "ఏటమ్మా, ఏటి సెప్తన్నారు కాలేజీలో?" అని అడిగాడు. బేలన్స్ షీట్ గురించి చెప్పాను. స్టేషన్లో చదివిందే. నాన్నకు ముద్ద దిగలేదు, సంతోషంతో. అమ్మను పిలిచి మళ్లీ చెప్పించాడు.

సెప్టెంబరు 11

దొరికిపోయాను. ధనుంజయ్ బావకి. మా మావయ్య కొడుకు. స్టేషన్ బయట అద్దె ఆటో నడుపుతాడు. ఎవరికో సామాను మోసిపెట్టడానికి లోపలికి వచ్చి నన్ను చూశాడు.

"ఏటే మరదలా, నీ కాలేజీ ఒకటో నంబరు ప్లాట్‌ఫారం మీద పెట్టేరేటి?"

కసురుకున్నాను. కసిరితే పోతాడా? పక్కన కూర్చుని పకోడీ పొట్లం విప్పాడు. మొత్తం చెప్పేశాను. నవ్వుతాడేమో, నవ్వితే పొట్లం మొహాన కొడదామని చూస్తున్నాను. నవ్వలేదు.

"నెలకి తొమ్మిదైతే ఎవుడు తీసుకుంతాడే? నువ్వు సెప్పింది రైటే గదా" అన్నాడు.

ఈ భూమ్మీద నా పక్షం మాట్లాడినవాడు ఆటో నడుపుకునే మా బావ ఒక్కడే. మావకి సెప్పన్లే, అన్నాడు. కానీ వెళ్తూ వెళ్తూ, "నీ పొగరుకి నువ్వే నీళ్లు పోసి పెంచుతన్నావే. ఎల్లు కాలేజీకి" అని ఒక్క మాట అన్నాడు. సోమవారం నుంచి తప్పకుండా వెళ్తాను.

సెప్టెంబరు 30, సోమవారం

ఇవాళ నేను చాలా గొప్పదాన్నయ్యాను.

బావ సొంత ఆటో కొంటున్నాడు. దసరాకి ఇంటికి రావాలని పట్టు. పితృపక్షంలో కొనకూడదని ఆగాడట, గురువారం పాడ్యమి నాడు టెక్కలి షోరూములో సంతకం. ఫైనాన్స్ వాళ్లిచ్చిన కాగితం మడత విప్పి నా చేతిలో పెట్టాడు.

"నువ్వు ఫైనాన్స్ సదువుతన్నావు గదా. సూడు. మూడు లచ్చలు, మూడేళ్లు, తొంభై పైసల వడ్డీ. రూపాయి కూడా కాదు. బాగున్నట్టేనా?"

చూశాను. నెలకు కట్టాల్సింది పదకొండు వేల ముప్పై మూడు. ఎక్కడో ఏదో గుచ్చుకుంది. ఏమిటో తెలియలేదు. కాగితం వెనక్కి తిప్పి కూడా చూశాను, వెనక ఏమీ లేకపోయినా. బావ నా మొహంలోకి చూస్తున్నాడు. స్కూల్లో హెడ్మాస్టరు గారిని కూడా వాడు అలా చూసి ఉండడు.

"తొంభై పైసలా! మా నాన్న కూడా ఇంత తక్కువకి ఇప్పించలేడు. కళ్లు మూసుకుని పెట్టేయ్ బావా" అన్నాను.

ఎంత మురిసిపోయాడో! టీ తాగించాడు. నాకిష్టమని బెల్లం జిలేబీ కూడా. రెండు నెలల నుంచి ఇంత ధీమాగా ఎప్పుడూ లేను.

అక్టోబరు 1

కాలేజీకి వెళ్లలేదు. ఇంట్లోనే ఉన్నాను.

సాయంత్రం నాన్న దగ్గరికి తగాదా వచ్చింది. కొబ్బరితోట పెట్టుబడికి ఒకాయన దగ్గర ఇంకొకాయన లక్ష తీసుకున్నాడు. ఏడాది తర్వాత సగం కట్టేశాడు. అప్పిచ్చినాయన మాత్రం మొత్తం లక్షకీ వడ్డీ అడుగుతున్నాడు. నాన్నకు కోపం వచ్చింది.

"సగం అసలు నీ జేబులో ఏసుకుని, దానికి కూడా వడ్డీ అడుగుతావేటి? అసలు తగ్గితే వడ్డీ తగ్గాలా వద్దా? నాయముందా నీకు?"

నాకు బావ కాగితం గుర్తొచ్చింది.

బావ నెలనెలా అసలు కూడా కడతాడు. వాళ్లు మాత్రం మూడేళ్లూ మూడు లక్షలకే వడ్డీ వేశారు. ఆఖరి నెల వాడి దగ్గర వాళ్ల అసలు ఎనిమిది వేల చిల్లర మిగిలి ఉంటుంది. ఆ నెల కూడా వడ్డీ రెండు వేల ఏడు వందలు! తొంభై పైసలు కాదు. మరి ఎంత? రూపాయా? రెండా? లెక్క కట్టాను, కొట్టేశాను, మళ్లీ కట్టాను. ప్రతి నెలా అసలు మారిపోతూ ఉంటే ఎలా పట్టుకోవాలో నాకు రాలేదు. ఇది నాన్న లెక్కలో లేదు. పుస్తకంలో ఎక్కడుందో తెలియాలంటే క్లాసులో ఉండాలి కదా.

రేపు వెళ్లి మేడాన్ని అడుగుతాను.

అక్టోబరు 2

గాంధీ జయంతి. కాలేజీ సెలవు. ఆ మాట నిన్న గుర్తు రాలేదు.

బావకి ఫోన్ చేయలేదు. ఛార్జింగ్ లేదు.

ఛార్జింగ్ ఉంది.

అక్టోబరు 3, గురువారం

మొదటి బస్సుకే టెక్కలి వెళ్లాను. గుమ్మంలో అడుగు పెట్టగానే వెనక బెంచీలోంచి "ఓలమ్మో, తొమ్మిది రూపాయలు వచ్చింది రోయ్" అన్నారు. మేడం హాజరు పుస్తకం తీసి నా పేరు ఎక్కడుందో వెతుక్కున్నారు. అంత అవమానం ఇంకోటి లేదు.

కూర్చోలేదు. నిలబడే అడిగాను. "మేడం, తొంభై పైసల వడ్డీ అని చెప్పి, నెలనెలా అసలు కట్టించుకుంటూ, మొత్తానికీ వడ్డీ వేస్తే, నిజంగా అది ఎంత వడ్డీ?"

నవ్వారు. తొమ్మిది నుంచి తొంభైకి ఎదిగిందన్నారు. ఈసారి మేడం నవ్వలేదు. చాక్‌పీస్ కింద పెట్టి, "ఎవరిది ఆ లోను?" అని అడిగారు.

"మా బావది. నేనే బాగుందని చెప్పాను. ఇంకాసేపట్లో ఈ ఊళ్లోనే సంతకం పెడతాడు. నాకు లెక్క రాలేదు."

 మేడం బోర్డు మీద మూడు లక్షలు వేసి, ఒక్కో నెల అసలు ఎలా తగ్గుతుందో రాసుకుంటూ పోయారు. ఆ పద్ధతిని ఫ్లాట్ రేటు అంటారట. ఇంతలో గీతిక ఫోన్లో ఎక్సెల్ తీసి టకటకా కొట్టింది. లేచి నా వైపు తిరిగి చెప్పింది, మేడం వైపు కాదు. "రూపాయి అరవై. నెలకి." ఆ 'నెలకి'లో వెటకారం లేదు. ఉందేమోనని జాగ్రత్తగా విన్నాను.

రూపాయి అరవై! మా ఊళ్లో రూపాయిన్నరకి పుడుతుంది.

బావకి ఫోన్ చేశాను. సంతకం పెట్టకు, నేను చెప్పింది తప్పు అన్నాను.  నెమ్మదిగా అన్నాడు. "నానొక్కన్నే కాదే. స్టాండులో ఇంకో నలుగురొచ్చేరు. మా మరదలు ఫైనాన్స్ సదువుతంది, సూసి బాగుందంది అని నానే తెచ్చేను. నా మాట మీద రానేదు ఆలు, నీ మాట మీద వచ్చేరు. నువ్వే వచ్చి సెప్పు."

నా మాట మీద! నలుగురు! మేడం పర్మిషన్ ఇచ్చారు. రోడ్డంతా పరుగే.

షోరూములో ఐదుగురూ వరసగా కుర్చీల్లో కూర్చుని ఉన్నారు. తెల్లచొక్కాలు, బొట్లు, ఒకాయన చేతిలో కొబ్బరికాయ కూడా. బావ నన్ను చూసి లేచి నిలబడ్డాడు. మిగతావాళ్లూ లేచారు. నా తండ్రి వయసువాళ్లు, నన్ను చూసి లేచారు. ఆ క్షణంలో భూమి చీలితే బాగుండుననిపించింది.

చెప్పాను. ఆఖరి నెల అసలు ఎంత మిగులుతుంది, వడ్డీ ఎంత కడతారు, అదొక్కటే చెప్పాను. అందరికీ అర్థమైంది. ఫైనాన్స్ కుర్రాడు, "మేం దాచిందేముంది మేడం, ఫ్లాట్ అని కాగితంలోనే ఉంది" అన్నాడు. ఉంది. చిన్న అక్షరాల్లో కూడా కాదు, మామూలు అక్షరాల్లోనే ఉంది. నేను చదివాను. అర్థం కాలేదు.

కొబ్బరికాయ పట్టుకున్నాయన అప్పలనరసింహం. మనిషి బావురుమన్నంత పని చేశాడు. "ఏటమ్మా ఇది? సోమారం బాగుందన్నావంట. గురువారం బాగోనేదంతన్నావు. బయానా కట్టేసేను. ఇంట్లో గుంటలు దసరాకి కొత్త బండని ఎదురు సూత్తన్నారు. ఆ పొద్దు నీకు తెలిసే సెప్పేవా, తెలకుండా సెప్పేవా?"

బావ మధ్యలోకి రాబోయాడు. నేనే ఆపాను.

"తెలీదు మావా. తెలిసినట్టు చెప్పాను."

ఆయన కొబ్బరికాయ బల్ల మీద ఠప్పున పెట్టి బయటికి వెళ్లిపోయాడు. ఒకాయన మాత్రం, "ఎంతైతే అంతవుద్ది, దసరాకి బండి కావాల" అని సంతకం పెట్టేశాడు. ఆయన ఇష్టం. మిగతావాళ్లు లేచారు.

బేంకుకి వెళ్లరాదా బావా అన్నాను. "ఎల్లేనే. పదిన్నరంట! సిగ్గునేదా ఆలకి? ఇంకేటి మాటాడకుండా వచ్చీసేను" అన్నాడు. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఆ పదిన్నర ఏడాదికి బావా! నెలకి లెక్కేస్తే తొంభై పైసలు కూడా కాదు, అసలు తగ్గితే వడ్డీ తగ్గుతుంది కూడా. వాడు నోరు తెరిచి నన్నే చూశాడు. మనిద్దరం ఒక్క తాను గుడ్డలమే అన్నాను.

బస్టాండు దాకా నడుస్తూ అడిగాడు. "ఆ పొద్దు తెల్దని సెప్పొచ్చు గదే."

"నీ దగ్గరా?" అన్నాను.



అక్టోబరు 5

నాన్నకు తెలిసిపోయింది, షోరూము సంగతి. కాలేజీ సంగతి కాదు. రోడ్డు మీద పోయేవాణ్ని కూడా ఆపి చెప్తున్నాడు. "మా గుంట నోరిప్పితే ఫైనాన్సోడు నీళ్లు నవిలేడు." కుర్రాడు నీళ్లేమీ నమలలేదు, శుభ్రంగా జవాబు చెప్పాడు. అయినా నాన్నను ఆపలేదు. వినడానికి బాగానే ఉంది.

హాజరు తగ్గిందని రేపు చెప్తాను.

అక్టోబరు 12

దసరా. బావ అద్దె ఆటోనే కడిగి బంతిపూలు కట్టి పూజ చేశాడు. నాతో సరిగ్గా మాట్లాడలేదు. తర్వాత కొబ్బరిచెక్క తెచ్చి చేతిలో పెట్టాడు. పెట్టింది పెద్ద చెక్కే.

నవంబరు 21

రోజూ వెళ్తున్నాను. గీతిక నా పక్కన కూర్చుంటోంది. నాకు ఎక్సెల్ నేర్పుతోంది. పర్సెంటును పైసల్లోకి నోటితో మార్చడం తనకి నేను నేర్పుతున్నాను. తను రెండో బెంచీకి వచ్చింది. నేనెక్కడికీ కదల్లేదు, రాసిపెట్టుకుంటున్నాను.

డిసెంబరు 6

బేంకు లోను వచ్చింది! బావ కొత్త ఆటో! మొదట మా ఇంటికే తెచ్చాడు. వెనక అద్దం మీద ఏం రాయించాడో ఇక్కడ రాయను. నాన్న చదివి మీసం దువ్వుకున్నాడు. అమ్మ చదివి లోపలికి వెళ్లిపోయింది.

మార్చి 14

హాజరు చాలనందుకు ఫైన్ కట్టాలి. నాన్నకు చెప్పాను. స్టేషను, బెంచీ, మొత్తం చెప్పాను. అన్నం ముందు నుంచి లేచిపోయాడు. చాలాసేపటికి వచ్చి, "ఆ బేలన్స్ షీటు కూడా టేసన్లో సదివిందేనా?" అని అడిగాడు. అవునన్నాను. "బాగానే సెప్పేవు గదా మరి" అన్నాడు. అంతే. ఆ రెండు నెలలూ నేను చెప్పినవన్నీ ఊళ్లో ఎంతమందికి చెప్పుకున్నాడో నాకు తెలుసు. తిట్టినా బాగుండేది.

జూలై 8

మేడం పిలిచి, కొత్త బ్యాచికి ఈసారి సలహాలు నువ్వు చెప్పు అన్నారు. నేను! కోటు వేసుకోను.

జూలై 9

రాసుకున్నవి: క్లాసు మానకండి (నేను చెప్తే నవ్వుతారేమో). అర్థం కాకపోతే ఆ రోజే అడగండి, మర్నాటికి అడగడం ఇంకా కష్టం. ఇంటి లెక్కను చిన్నచూపు చూడకండి, పుస్తకం లెక్కను దాని పక్కన పెట్టండి. షేర్ల యాప్‌లో గెలిచినవాడే మాట్లాడతాడు, పోగొట్టుకున్నవాడు కోర్సే మార్చేస్తాడు. ఎక్సెల్ విషయంలో ఉదయశంకర్ చెప్పింది నిజం, ఒప్పుకోక తప్పదు. ఇంట్లో ఎవరైనా కాగితం చేతిలో పెట్టి చూడమంటే...

ఇక్కడ ఆగిపోయాను. రేపు చూసుకుంటాను.

జూలై 14, సోమవారం

చెప్పాను. అంతా చెప్పాను, తొమ్మిది రూపాయల సంగతితో మొదలుపెట్టి. నవ్వారు, నేనూ నవ్వాను. షోరూము దగ్గరికొచ్చేసరికి ఎవరూ కదల్లేదు. దిగేటప్పుడు చప్పట్లు. గీతిక ఈల కూడా వేసింది, శ్రీకాకుళం పిల్లకి ఈల వచ్చని నాకు తెలీదు. మేడం భుజం తట్టారు. నడిచినట్టు లేదు, తేలినట్టుంది.

వరండాలోకి వస్తే అప్పలనరసింహం.

 ఆ రోజు కొబ్బరికాయ పెట్టి వెళ్లిపోయిన మనిషి. బయానా వాళ్లు తిరిగివ్వలేదని విన్నాను. స్టాండులో కనిపించినా నాతో మాట్లాడేవాడు కాదు. జనవరిలో బేంకు లోనుతో బండి కొన్నాడని బావ చెప్పాడు, అంతవరకే తెలుసు. పక్కన ఒక అమ్మాయి, నూనె పెట్టి బిగించిన జడ, చేతిలో ఇంటర్ మార్కుల జాబితా.

"మా లావణ్య. ఈ సదువే సదువుతానంతంది" అన్నాడు. "లోపల అందర్నీ అడిగేనమ్మా. ఉజ్జోగం గేరంటీ అంతన్నారు. బల్ల కాడ కూకున్న సారు గేరంటీ అన్నాడు, సేరే కాయితాలిచ్చే ఆయనా అదే అన్నాడు. నాకు నమ్మకం సాల్లేదు. నీకోసం ఆగేను. నువ్వు సెప్పు. దీనికి ఉజ్జోగం వత్తాదా?"

ఆ అమ్మాయి నా వైపు చూస్తోంది. వస్తుంది అంటే చాలు, తండ్రీ కూతుళ్లిద్దరి మొహాలూ వెలిగిపోతాయి. నా నోటి చివరిదాకా వచ్చింది. ఇప్పుడే చప్పట్లు కొట్టించుకుని వచ్చినదాన్ని.

"తెలీదు మావా" అన్నాను. "నాకే వస్తుందో రాదో ఇంకా తెలీదు. చదువు మాత్రం మంచిది. అర్థం కానిది ఉంటే నన్నడగొచ్చు, నాకు రాకపోతే ఇద్దరం కలిసి మేడాన్ని అడుగుతాం."

 ఆయన కూతురి వైపు తిరిగాడు.

"ఇన్నావేటే? సెప్పేనా నాను? ఇంతమందిలో నాకు తెల్దని సెప్పిన మనిసి ఈ అమ్మొక్కత్తే. అప్పుడూ అదే సెప్పింది, ఇప్పుడూ అదే సెప్పింది." జేబులోంచి పెన్ను తీసి లావణ్య చేతిలో పెట్టాడు. "పద, సంతకం పెట్టు."